కోటకు శత్రువెవరు? – లెగో జానపద పెట్టెల చరిత్ర

పెద్దవయసులో బొమ్మలు కొనుక్కునేవారిని లోకం కొంత జాలితోనూ, కొంత అనుమానంతోనూ చూస్తుంది. ఆ చూపులకు నేను అలవాటుపడి చాలా కాలమే అయింది. నేను సేకరించేవి లెగో ఇటుకల బొమ్మలు. అందులోనూ కోటలు, ఆశ్వికులు, మాంత్రికులు, దయ్యాలు, డ్రాగన్లు ఉండే పెట్టెలు మాత్రమే. పాశ్చాత్యులు ఫాంటసీ అనే ఈ సరుకును మన సినిమావాళ్ళు ఏనాడో "జానపదం" అన్నారు. విఠలాచార్య చిత్రాలు చూసి పెరిగినవాడికి అస్థిపంజరం లేచి కత్తి పట్టుకుంటే ఆశ్చర్యమేమీ కలగదు; పాత చుట్టాన్ని చూసినట్టుంటుంది.

ఇలాంటి పెట్టెలను సమీక్షించేవారు సాధారణంగా కొన్ని లెక్కలు చూస్తారు. ముక్కలెన్ని, మనుషులెందరు, పెట్టిన ధరకు తగిన సరుకుందా, డాళ్ళమీది లాంఛనాలు అచ్చువేసినవా లేక మనం అంటించుకోవలసిన స్టిక్కర్లా, కట్టడం పూర్తయ్యాక పిల్లవాడు చెయ్యిపెట్టి ఆడుకొనే చోటుందా? ఈ లెక్కలన్నీ నేనూ చూస్తాను. కాని నా అల్మారాలోని కోటలను అవి వెలువడిన వరుసలో పేర్చి చూసినప్పుడు, ఈ లెక్కల్లో ఎక్కడా ఇమడని ప్రశ్న ఒకటి ఎదురయింది. కోట అన్నాక శత్రువుండాలి కదా, మరి ఈ కోటకు శత్రువెవరు? నలభై అయిదేళ్ళ పైచిలుకు కాలంలో దీనికి లెగో ఇచ్చిన జవాబు ఎన్నోసార్లు మారింది. ఆ మార్పుల కథే ఈ వ్యాసం.

వడ్రంగి కొట్టులో మొదలు

డెన్మార్కులోని బిల్లుండ్ అనే చిన్న ఊళ్ళో ఓలె కిర్క్ క్రిస్టియన్‌సెన్ అనే వడ్రంగి 1932లో కొయ్యబొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. అవి ఆర్థికమాంద్యపు రోజులు. 1934లో తన సరుకుకు లెగో అని పేరు పెట్టుకున్నాడు. "బాగా ఆడుకో" అనే అర్థమిచ్చే రెండు డేనిష్ మాటల మొదళ్ళు కలిపితే వచ్చిన పేరది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తరువాత గాని ఆ కొట్టులోకి ప్లాస్టిక్కు రాలేదు. 1949లో అమ్మకానికి వచ్చిన తొలి ఇటుకలకు ఇంగ్లండులో హిలరీ ఫిషర్ పేజ్ రూపొందించిన కిడ్డీక్రాఫ్ట్ ఇటుకలే మాతృక. వాటి లోపలంతా డొల్ల. ఒకదానిమీద ఒకటి నిలిచేవి కాని గట్టిగా పట్టుకొనేవి కావు. ఓలె కుమారుడు గాట్‌ఫ్రెడ్ 1958 జనవరి 28న దాఖలు చేసిన పేటెంటుతో ఇటుక అడుగున గొట్టాలు వచ్చాయి. పైనున్న బొడిపెలు ఆ గొట్టాలకూ గోడలకూ నడుమ బిగిశాయి. ఆనాటి ఇటుక ఈనాటి ఇటుకతో ఇప్పటికీ అతుకుతుంది. సేకర్తకు ఇంతకు మించిన వరమేముంది!

ఈ సంస్థ 1940లలో ఒక బొమ్మ పిస్తోలు కూడా అమ్మింది. దాని పేరు "శాంతి పిస్తోలు". అయిదేళ్ళు పరాయి సైన్యం ఆక్రమణలో మగ్గి బయటపడిన దేశంలో పిస్తోలుకు ఆ పేరు పెట్టవలసి రావడంలోనే సంస్థకున్న ఇబ్బంది కనిపిస్తుంది. పిల్లలు కొట్లాట ఆడతారు, పెద్దలు యుద్ధం చూసి వచ్చారు. ఈ రెంటికీ పొత్తు కుదిర్చేదెలా? ఇటుకలు వచ్చిన తరువాత సంస్థ ఆధునిక యుద్ధసామగ్రికి దూరంగా ఉండడం ఆనవాయితీ చేసుకుంది. అపవాదాలు లేకపోలేదు, 2001లో మొదటి ప్రపంచయుద్ధపు విమానం ఒకటి పెట్టెలోకెక్కింది. అయినా ఆనవాయితీ బలమైనదే. 2020లో ఆస్ప్రే అనే విమానం పెట్టె తయారై దుకాణాల గడపదాకా వచ్చినా, ఆ విమానం నిజజీవితంలో సైన్యం వాడేదని అభ్యంతరాలు వచ్చాక దాన్ని వెనక్కు తీసుకున్నారు.

కోటల చరిత్రను ఈ నేపథ్యంలోనే చదవాలని నా అభిప్రాయం. కత్తి ఉండాలి, కాని ఆ కత్తి నేటి లోకంలో ఎవరినీ పొడవకూడదు. అలాంటి కత్తికి చోటెక్కడ? మధ్యయుగంలో.

పసుపుపచ్చ కోట

1978 లెగో చరిత్రలో కీలకమైన సంవత్సరం. చేతులూ కాళ్ళూ కదిపే బుల్లి మనిషి ఆ ఏడే వచ్చాడు. అతని రూపకర్తల్లో ముఖ్యుడు యెన్స్ నీగార్డ్ క్నుడ్‌సెన్, 2020లో కన్నుమూశాడు. ఊరు, కోట, అంతరిక్షం అనే మూడు లోకాలు ఆ మనిషికోసం ఒకేసారి తెరుచుకున్నాయి. కోట లోకంలో మొదటిది 375 సంఖ్యగల పెట్టె. డేనియల్ ఆగస్ట్ క్రెంట్జ్ రూపకల్పన. 767 ముక్కలు, 14 మంది మనుషులు. ఎత్తి దించే వంతెన, కీళ్ళమీద తెరుచుకొనే గోడలు. గోడలన్నీ పసుపుపచ్చ. గుర్రాలకు ఇంకా అచ్చు తయారు కాలేదు కనుక వాటినీ ఇటుకలతోనే కట్టుకోవాలి. వాటి ముఖాలు చూస్తే గుర్రమని చెప్పడానికి కొంత స్నేహభావం కావాలి.

రాతికోట పసుపుపచ్చగా ఎందుకుంది? బూడిద రంగు ఇటుకలు చేతికిస్తే పిల్లలు ట్యాంకులు, యుద్ధనౌకలు కడతారని సంస్థ జంకిందన్నది సేకర్తల మధ్య బాగా వాడుకలో ఉన్న వివరణ. అందులో నిజం ఉండవచ్చు గాని అదే పూర్తి కారణమంటే నేను ఒప్పుకోలేను. అవే రోజుల్లో వచ్చిన అంతరిక్షనౌకల్లో బూడిద రంగు పలకలు ఉండనే ఉన్నాయి. ఏమైనా, ఆ పసుపురంగు చేసిన మేలొకటుంది. చూడగానే అది బొమ్మకోట అని తెలిసిపోతుంది. చరిత్రలోని ఏ రక్తమూ దాని గోడలకు అంటినట్టనిపించదు.

ఇక మన ప్రశ్నకు వద్దాం. ఆ పద్నాలుగుగురిలో శత్రువెవరు? లాంఛనాలు వేరు, ముఖాలు మాత్రం ఒక్కటే: రెండు చుక్కల కళ్ళు, ఒక వంపు నవ్వు. ఈటె పట్టినవాడూ నవ్వుతున్నాడు, ఈటెకు ఎదురైనవాడూ నవ్వుతున్నాడు. వీడు మంచివాడు, వాడు చెడ్డవాడు అని వాటి ముఖాలు చెప్పవు. ఆ తీర్పు ఆడుకొనే పిల్లవాడిదే. పొద్దున శత్రువైనవాడు మధ్యాహ్నం భోజనాల తరువాత మిత్రుడు కావచ్చు.

సింహం, డేగ

1984లో కోటలకు రాతిరంగు వచ్చింది. 6080 సంఖ్యగల రాజుగారి కోట ఆ ఏటిదే. గోడలకు పెద్ద పలకలు, అచ్చుపోసిన గుర్రాలు వచ్చాయి. మనుషులు రెండు పక్షాలయ్యారు. ఒకరి డాలుమీద సింహం, రెండవవారి డాలుమీద నల్లడేగ. 1986లో డేగవారికీ సొంతకోట దక్కింది, సంఖ్య 6074.

అయినా ఇక్కడ కూడా ఏ పక్షం దుష్టపక్షమో పెట్టె చెప్పదు. నాకు అన్నిటికన్న ఇష్టమైన సంగతి మరొకటుంది. ఆ రోజుల కోటగోడల అంచులను ఒకదానితో ఒకటి కలుపుకొనే వీలు ఉంచారు. సింహంవారి కోటనూ డేగవారి కోటనూ పక్కపక్కన చేర్చి బిగిస్తే ఒకే పెద్దకోట అవుతుంది! ఆజన్మశత్రువుల గోడలు అలా అతికేటట్లు చేయడం అమ్మకాల యుక్తే కావచ్చు. ఒకటి కొన్నవాడు రెండవది కొనాలి కదా. కాని బల్లమీద ఆ రెంటినీ అతికించిన పిల్లవాడికి యుద్ధం గురించి తెలిసే విషయం అమ్మకపు లెక్కకు అందేది కాదు.

1987లో అటవీజనులు వచ్చారు. ఆకుపచ్చ దుస్తులు, టోపీలో ఈక, చేతిలో విల్లు, చెట్టు తొర్రలో స్థావరం. రాబిన్ హుడ్ తెలిసినవారికి పరిచయం అక్కరలేదు. రాజు దృష్టిలో వీళ్ళు దొంగలు, కథ తెలిసిన పిల్లవాడి దృష్టిలో వీరులు. మంచిచెడ్డలు ఎవరి వైపునుంచి చూస్తున్నామన్న దానిపై ఆధారపడతాయని ఇంతకన్న చవకగా చెప్పిన బొమ్మ నాకు తెలియదు. 1992 నాటి తోడేళ్ళముఠా మాత్రం నిఖార్సయిన దొంగలే.

నవ్వు చెదిరిన వేళ

1989లో సముద్రపు దొంగల పెట్టెలతో బుల్లి మనిషి ముఖం మారింది. గడ్డం, కంటికి గంత, గీసిన మీసం వచ్చాయి. ముఖానికి వ్యక్తిత్వం వచ్చిందని సంతోషించాను. దానితోపాటు, ముఖం చూసి మనిషి ఎలాంటివాడో చెప్పే అలవాటూ వచ్చింది. న్యూజీలండులో క్రిస్టోఫ్ బార్ట్‌నెక్, ఆయన సహచరులు 1975 నుంచి 2010 వరకు వెలువడిన 3655 బుల్లి మనుషుల ముఖాలను పరిశీలించి 2013లో ఒక అధ్యయనం వెలువరించారు. కాలం గడిచేకొద్దీ నవ్వుముఖాల వాటా తగ్గుతూ, కోపపు ముఖాల వాటా పెరుగుతూ వచ్చిందని వారు గుర్తించారు. సేకర్తల అల్మారాలు ఈ మాటకు సాక్ష్యమిస్తాయి. నా అల్మారాలో పై అర నవ్వుతుంది, కింది అర కోపంగా చూస్తుంది.

సరిగ్గా ఇదే కాలంలో కోటలోకి జానపదం ప్రవేశించింది. 1990లో మొదటి దయ్యం వచ్చింది. తెల్లటి ముసుగు, చీకట్లో వెలిగే ప్లాస్టిక్కు. పాతసరుకు కొనేటప్పుడు ఆ ముసుగును దీపం కింద కాసేపు పెట్టి, గది తలుపులు మూసి, ఇంకా వెలుగుతోందా అని చూడటం మా తెగలో ఒక తంతు. 1993లో డ్రాగన్ వచ్చింది, దానితో మజిస్టో అనే తెల్లగడ్డపు మాంత్రికుడూ వచ్చాడు; ఆయన మంత్రదండమూ చీకట్లో వెలిగేదే. 1995లో రాజవీరుల కోటతో మొదటి అస్థిపంజరం దిగింది. 1997లో గబ్బిలాల ప్రభువు బాసిల్, మంత్రగత్తె విల్లా ఒక కోట కట్టుకొని కూర్చున్నారు.

ఈ వరుసను జాగ్రత్తగా చూడండి. 1990 నాటి దయ్యం కోటవాసి, ఎవరిమీదా దండెత్తదు. డ్రాగన్‌ను దాని యజమానులు పెంచుకుంటున్నారు. మజిస్టోను దుష్టుడనడానికి ఏ ఆధారమూ లేదు. తొలి అస్థిపంజరం ముఖం భయపెట్టడంకన్న పలకరిస్తున్నట్టే ఉంటుంది. తొలి జానపదమంతా అద్భుతరసం. బాసిల్ వచ్చేటప్పటికి మాత్రం పేరూ వేషమూ కలిసి మనకు ముందే చెప్పేస్తాయి, ఇతడే ప్రతినాయకుడని. అద్భుతం మెల్లగా శత్రువు వేషం కట్టింది.

మనిషి కాని శత్రువు

2003, 2004 సంవత్సరాల్లో లెగో సంస్థ భారీ నష్టాల్లో కూరుకుపోయింది. ఆ సంక్షోభపు రోజుల్లోనే సేకర్తలు మరచిపోలేని మరొక మార్పు జరిగింది. పాత బూడిద రంగును మార్చి నీలిఛాయ గల కొత్త బూడిద రంగు తెచ్చారు. చెప్పడానికి చిన్న విషయమే. కాని 1984 నాటి కోటకు విరిగిన ఇటుకొకటి కొత్తది వేసి చూడండి. పాత పంచెకు కొత్తగుడ్డ అతుకు వేసినట్టుంటుంది. అప్పుడు ప్రపంచమంతటా అభిమానులు చేసిన గోల ఇంతా అంతా కాదు.

సంస్థ కోలుకున్న తరువాత, 2007లో కోటలు కొత్త హంగుతో తిరిగి వచ్చాయి. ఈసారి కిరీటపు లాంఛనం గల రాజు ఒక పక్షం. అస్థిపంజరాల సైన్యం, వాటిని నడిపే దుష్టమాంత్రికుడు రెండవ పక్షం. 2008లో రాజుకు తోడుగా మరుగుజ్జులు, ఎదురుగా ఆకుపచ్చ ట్రోల్‌లు చేరారు. 2001 నుంచి 2003 వరకు వచ్చిన లార్డ్ ఆఫ్ ది రింగ్స్ చలనచిత్రాల నీడ వీటిమీద ఉందని నాకనిపిస్తుంది. 2012లో ఆ కథే స్వయంగా లెగో పెట్టెలకెక్కింది.

సమీక్షకుడిగా 2007, 2008 నాటి పెట్టెలకు నేను మంచి మార్కులే వేస్తాను. కట్టడాలు దిట్టమైనవి, మరుగుజ్జుల గని ముచ్చటైనది. కాని చరిత్రగా చూస్తే ఇక్కడ ఒక వాకిలి మూసుకుంది. శత్రువు ఇప్పుడు మనిషి కాడు. అస్థిపంజరాన్ని ఎన్నిసార్లు పడగొట్టినా జాలి అక్కరలేదు, దానికి ఇల్లూవాకిలీ లేవు. యుద్ధాన్ని బొమ్మ చేయడానికి సంకోచించిన సంస్థకు ఇది సుఖమైన పరిష్కారం. మనిషిని మనిషి చంపే ఆట కాదు కదా! నిజమే. అయితే దానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. పుట్టుకతోనే చెడ్డదైన జాతి ఒకటుంటుందని, దానితో మాటలు అనవసరమని ఆ పెట్టె పిల్లవాడికి ముందే చెప్పి పంపిస్తుంది. డేగవారితో సంధి చేసుకోవచ్చు, వియ్యమందవచ్చు. ట్రోల్‌తో ఏం చేయాలి?

మా అక్కయ్య కొడుకు ఒకసారి వేసవి సెలవులకు వచ్చి, నా పాతకోట ముందు చాలాసేపు కూర్చుని, "మామయ్యా, ఇందులో చెడ్డవాళ్ళు ఏరీ?" అని అడిగాడు. ఏరుకోమన్నాను. వాడు కొంత ఆలోచించి, "అందరూ నవ్వుతున్నారు, ఎలా ఏరను?" అన్నాడు. చివరికి గుర్రాలను కాజేసిన దొంగను ఒకణ్ణి వాడే సృష్టించుకుని, విచారణ జరిపించి, సాయంత్రానికి క్షమించి పంపేశాడు. ట్రోల్‌ల పెట్టెతో ఆడినప్పుడు ఆ విచారణ ఘట్టం లేదు. వాడు మంచి పిల్లవాడే; పెట్టె వాడికి ఆ పని మిగల్చలేదు, అంతే.

ఆ ఏడు సంక్రాంతికి మా అమ్మ బొమ్మల కొలువులో నా వీరుల్ని కూడా కూర్చోబెట్టింది. కొండపల్లి దశావతారాల కింది మెట్టుమీద సింహంవారు, డేగవారు, ఒక దయ్యం. కొలువు అంటే సభ. అక్కడికి వచ్చిన బొమ్మకు శత్రుపక్షమంటూ ఉండదు, తన మెట్టు మాత్రమే ఉంటుంది. "ఈ తెల్లముసుగావిడ ఎవరురా?" అని అడిగింది. దయ్యమని చెబితే, పేరంటానికి వచ్చాక ఎవరైతేనేం అని పసుపుకుంకుమల పళ్ళెం పక్కనే ఉంచింది.

తిరిగి వచ్చిన సింహం

2009లో ఒక వింత పెట్టె వచ్చింది: మధ్యయుగపు సంత. 1601 ముక్కలు. కమ్మరి, వడ్రంగి, సత్రం, చెట్టు, కాపలాకు ఇద్దరు భటులు. లెగోలో ఆవు మొదటిసారి కనిపించింది ఇందులోనే. యుద్ధం లేని మధ్యయుగాన్ని ఎవరు కొంటారనుకున్నారేమో గాని పెద్దవాళ్ళు ఎగబడి కొన్నారు. కోట బతకడానికి శత్రువు అక్కరలేదని, కూరగాయల గంప చాలునని అప్పుడు తేలింది.

2021లో మధ్యయుగపు కమ్మరి ఇల్లు వచ్చింది, నల్లడేగ డాళ్ళు చాలాకాలం తరువాత మళ్ళీ కనిపించాయి. 2022లో సంస్థ తొంభయ్యవ ఏట సింహవీరుల కోట వెలువడింది. 4514 ముక్కలు, 22 మంది. 1984 నాటి కోటకు ముదిమనుమరాలనదగిన కట్టడం. సింహంవారు, డేగవారు, అటవీజనులు ముగ్గురూ అందులో ఉన్నారు. కోటను ఏలేది ఈసారి రాణి. అటవీజనుల రహస్యస్థావరం ఎక్కడుందంటారు? ఆ కోట గర్భంలోనే! రాణి భోజనం చేస్తున్న గదికి కిందనే ఆమె పట్టుకోవలసిన దొంగలు కాపురముంటున్నారు. ఆ గది కట్టిన రాత్రి నాకు నవ్వు ఆగలేదు. 1986లో శత్రువుల గోడలు అతికించిన చెయ్యే ఇక్కడా పనిచేసిందనిపించింది.

ఇదంతా పెద్దల జ్ఞాపకాలమీద వ్యాపారమని అనేవారున్నారు. కాదనను. నాలుగు వందల డాలర్ల పెట్టెను పిల్లవాడు తన డబ్బుతో కొనలేడు. రివెండెల్ అనే 2023 నాటి పెట్టెలో 6167 ముక్కలు. దాన్ని పిల్లల ఆటవస్తువని ఎవరూ భ్రమపడరు. శత్రువును తానే ఎన్నుకొనే స్వేచ్ఛ నలభై ఏళ్ళు దాటినవారికి తిరిగి దక్కి, ఎనిమిదేళ్ళవాడికి మాత్రం ముందే వండి వడ్డించిన ప్రతినాయకుడు దొరకడం నాకు నచ్చని విషయం. 2021 నాటి చిన్నకోట ఒకటి, మూడు విధాలుగా కట్టుకోదగినది, ఈ లోటును కొంత తీర్చింది. బహుమతిగా ఏది కొనమంటారని అడిగినవారికి నేను అదే చెబుతూ వచ్చాను.

కాబట్టి ఇప్పుడు నా సమీక్షలో పాత లెక్కలతోపాటు మరొక గడి ఉంటుంది. ముక్కలెన్ని, మనుషులెందరు, అచ్చులా స్టిక్కర్లా అన్నవాటి తరువాత, "శత్రువును ఎవరు నిర్ణయించారు?" అని. పెట్టె నిర్ణయిస్తే ఒక మార్కు, కథ నిర్ణయిస్తే రెండు, పిల్లవాడికి వదిలేస్తే అయిదు. ఈ లెక్కన నా అల్మారాలో ప్రథమస్థానం ఇంకా ఆ పసుపుపచ్చ కోటదే. ఎండ తగిలి అక్కడక్కడ రంగు మారింది. లోపలున్న పద్నాలుగుగురూ మాత్రం, ఎవరితో ఎవరు పోరాడాలో ఎవరైనా వచ్చి చెబుతారేమోనని, నవ్వుతూ ఎదురుచూస్తున్నారు.